ఏటిమొగలో తెడ్డుపలక

ఒక మనిషి నిలుచుండుటకు చాలినంత పలక. అతని నిలువుకన్న జానెడు ఎక్కువ పొడవుగల తెడ్డు. ఈ రెండే సాధనములుగా నీటిపై తిరుగు విహారమొకటి ఇటీవల లోకమంతట వ్యాపించినది. దీనిని స్టాండప్ పాడిల్ బోర్డింగు అందురు. మనము దానిని తెడ్డుపలక అని పిలుచుకొందము. హవాయి దీవులలోని వైకీకీ తీరమున అలలపై స్వారి నేర్పు గురువులు 20వ శతాబ్దపు నడిమి కాలమున పలకపై నిలుచుండి తెడ్డు వేసెడివారు. నిలుచున్నవానికి దూరపు అల ముందుగా కనబడును. శిష్యుల తలలును కంటికి అందియుండును. 2000 తరువాత అది ప్రత్యేకమైన క్రీడ అయినది. మన దేశమున కర్ణాటక తీరమందలి మంగుళూరు, ముల్కి ప్రాంతములు దీనికి పేరు పొందినవి. ఉష్ణదేశపు నదులపై, మడ అడవుల నడిమి పాయలలో, త్రోవ ఎరిగిన మనిషి ముందు సాగుచుండగా నలుగురైదుగురు అతని వెంట పోవు విహారములు నేడు పలుచోట్ల జరుగుచున్నవి.

మన కృష్ణ సముద్రమున కలియు దివిసీమలో ఇట్టి విహారమునకు పూనుకొనువారు ఏమేమి ఎరిగియుండవలయునో చెప్పుట ఈ ప్రసంగపు ఉద్దేశము. పలకపై నిలుచుట ఒక పూటలో అబ్బు విద్య. ఏటిమొగ నీటిని గుర్తించుట ఏండ్లు పట్టు విద్య. మొదటిది వచ్చినంతనే రెండవదియు వచ్చినదని తలచువారికే ఇచ్చట ఆపద కలుగును. కనుక ఈ విహారమున ముఖ్యుడు పలక ఎక్కినవాడు కాడు, త్రోవ చూపువాడు.

నీటిపై నిలుచుండి ప్రయాణము చేయుట ఈ ప్రాంతమువారికి వింత కాదు. గుడివాడ నుండి కైకలూరు మీదుగా కొల్లేటి వైపు పోయినవారు తాటిదోనెను చూచియే యుందురు. మొదలు లావెక్కిన తాటిచెట్టును ఎంచి, మ్రానును నిలువున తొలిచి దానిని చేయుదురు. ఒక్క మనిషి కాళ్ళు పట్టునంత ఇరుకైన ఆ దోనెలో జాలరి నిటారుగా నిలుచుండి గెడతో అడుగును నెట్టుచు పోవును. కొల్లేటిలో లోతు తక్కువ. గెడకు నేల అందును. దోనె అటునిటు ఊగుచున్నను అతని నడుము పైభాగము కదలదు. ఊపు మోకాళ్ళలోనే ఆగిపోవును. తెడ్డుపలక నేర్పు గురువు మొదటి దినమున శిష్యునకు చెప్పు పాఠము ఇదియే.

ఒంటి దోనె నిలకడ తక్కువ. అందుచే బరువు వేయవలసినపుడు రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టుదురు. అది సంగడి. తోడు, చెలిమి అను అర్థములును ఆ మాటకు కలవు. సంగడీడనగా స్నేహితుడే గదా! దుంగలను జతచేసి కట్టిన ఇట్టి నావలు మన తూర్పు తీరమున నడిచెడివని క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు వ్రాసి, వానికి సంగర అను పేరు చెప్పెను. మసాలియా అని ఆ గ్రంథము పేర్కొన్న సీమ మన కృష్ణాతీరమే. రెండువేల ఏండ్లనాడే పరదేశి కంటబడిన నేర్పు ఇది.

మచిలీపట్టణపు సంగతియు ఇట్టిదే. ఇంగ్లీషువారు 1611లో అచ్చట వర్తకశాల నెలకొల్పిరి. కాని తీరపు నీరు లోతులేనిది. ఓడలు దూరముగా లంగరు వేయవలసినదే. సరకులు చిన్న పడవలపై ఒడ్డు చేరవలసినదే. కోరమండల తీరపు మసూలా పడవకు బల్లలను మేకులతో బిగింపక నారత్రాటితో కుట్టెడివారు. అల తాకినపుడు కుట్టు కొంచెము సడలి ఇచ్చును, మేకు బల్లను చీల్చును. పడవ చేసినవాడు ముందు నీటి గుణమును ఎరిగి, పిదప కొయ్యను ముట్టెనని ఇందువలన తెలియుచున్నది. లోతులేని చెరువునకు గెడ, అలల ఒడ్డునకు కుట్టుపడవ, నిలకడైన కాలువకు గూటిపడవ - ఈ విధముగా ఒక్కొక్క నీటికి ఒక్కొక్క వాహనము ఏర్పడినది. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట బందరు కాలువపై చాలకాలము పడవలు నడిచినవి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు.

మరి తెడ్డుపలకకు తగిన నీరేది? అలలు లేనిది, వడి తక్కువైనది, అడుగున కొయ్యమోడులు లేనిది. దివిసీమలో ఇట్టి నీరు కలదు. కాని అది దినమంతయు అట్లే ఉండదు. దీనిని అర్థము చేసికొనుటకు నది స్వరూపమును కొంచెము తలచుకొనవలయును. పులిగడ్డ వద్ద కృష్ణ చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ ఉన్న నేలయే దివిసీమ. పెద్ద పాయ నాగాయలంక ప్రక్కగా దక్షిణమునకు సాగి, మరల చీలి, సముద్రమును చేరును. ఏటిమొగ, ఎదురుమొండి మొదలైన ఊళ్ళ పేర్లు వినినంతనే ఇది నీరు పాలించు సీమ అని తెలియును. ఎదురుమొండి దీవివారు పంటుపై ఏరు దాటి బడికి, సంతకు, వైద్యునివద్దకు పోయినవారే. మనకు విహారమైన నీరు వారికి నిత్యజీవితపు బాట.

విజయవాడ వద్ద 1957లో పూర్తియైన ప్రకాశం బారేజి నీటిని కాలువలకు మళ్ళించును. వానలు వెనుదీసిన తరువాత దిగువకు వచ్చు మంచినీరు బహు స్వల్పము. అప్పుడు ఏటిమొగ సముద్రమునకు వశమగును. సముద్రము పొంగినపుడు ఉప్పునీరు నదిలోనికి ఎక్కును. దానిని పోటు అందురు. సముద్రము తగ్గినపుడు నీరు వెనుకకు పోవును, అది పాటు. ఒక పోటునకు తరువాతి పోటునకు నడుమ ఇంచుమించు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచే నేడు ఉదయము 7 గంటలకు నిండిన నీరు రేపు 7 గంటల 50 నిమిషములకు నిండును. అమావాస్యకు, పూర్ణిమకు పోటుపాటులు రెండును ఎక్కువ. అష్టమి ప్రాంతమున రెండును తక్కువ. కనుక జాలరికి పంచాంగము పండుగల కొరకు మాత్రమే కాదు, పడవ విప్పు వేళ కొరకు గూడ అక్కరకు వచ్చును.

ఇందులో పలకవానికి సంబంధించిన లెక్క యొకటి కలదు. క్రొత్తగా నేర్చినవాడు తెడ్డు వేసినచో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోవును. పాటు వడి గంటకు మూడు కిలోమీటర్లున్నదనుకొందము. నీటితోపాటు పోవునపుడు అతడు గంటలో ఆరేడు కిలోమీటర్లు పోయి తన నేర్పునకు మురిసిపోవును. తిరుగుముఖము పట్టినపుడు అదే శ్రమతో ముందునకు సాగునది కిలోమీటరు మాత్రమే. అలసినచో అదియు లేదు. ఒడ్డున ఉన్న మడచెట్టు ప్రక్కనుండి కదలకున్నపుడు గాని అతనికి సంగతి బోధపడదు. ఆ పాటు అతనిని తీసికొనిపోవునది సముద్రము వైపునకే. త్రోవ ఎరిగినవాడు ఈ కారణముచేతనే ముందు ఎదురునీట పోయి, తిరుగుదలకు నీటి సాయము మిగుల్చుకొనును. లేదా పోటు చివర బయలుదేరి, నీరు నిలిచియుండు కొద్దిసేపటిలో పాయలో తిరిగి, పాటు బలియకమునుపే రేవు చేరును.

ఇక పలక సంగతి. నేర్చుకొనువారి పలక మూడు మీటర్లకు పైబడిన పొడవును, ముప్పాతిక మీటరు మించిన వెడల్పును కలిగియుండును. గాలి నింపి బిగించునవియు, గట్టి పలకలును రెండు తెగలున్నవి. అడుగున వెనుకవైపు చేపరెక్కను పోలిన చిన్న రెక్క ఉండును. పలక తిన్నగా పోవుటకు అదియే ఆధారము. లోతులేని చోట అది బురదలో దిగబడి పలక హఠాత్తుగా ఆగినచో నిలుచున్నవాడు ముందునకు పడును. కనుక రెక్క మునుగునంత నీరు వచ్చువరకు పలకను నడిపించుకొని పోవలయును.

మొదట పలక నడుమ మోకాళ్ళపై కూర్చుండి నాలుగు తెడ్లు వేయవలయును. తరువాత ఒక్కొక్క పాదమును మోకాలు ఉన్నచోటికి తెచ్చి, పాదములు రెండును భుజములంత ఎడముగా ఉంచి, మెల్లగా లేవవలయును. చూపు కాళ్ళపై ఉన్నచో ఒడలు తూలును. చూపు దూరపు గట్టుపై నిలిపినచో ఒడలు దానంతట అదే కుదురుకొనును. తెడ్డు ఆకు కొంచెము వంగియుండును. ఆ వంపు ముందువైపునకు ఉండవలయును. క్రొత్తవారు పలువురు దానిని వెనుకకు త్రిప్పి పట్టుకొందురు. ఆకు అంతయు మునిగిన తరువాతనే లాగవలయును, పాదముల వద్దకు రాగానే తీసివేయవలయును. బలము చేతులది కాదు, నడుముది. గాలి పెరిగినపుడు నిలుచుండుట వీరత్వము కాదు. నిలుచున్న మనిషి తెరచాపవంటివాడు. మోకాళ్ళపై కూర్చున్నచో గాలికి ఆనవాలు తగ్గును.

పడుట తప్పదు, పడు విధము గూడ నేర్వవలయును. పలకకు దూరముగా, వెల్లకిల, చదునుగా పడవలయును. తలక్రిందుగా దుముకరాదు, లోతు తెలియదు గదా. మడ అడవి ప్రక్కన పడినవాడు కాళ్ళతో అడుగు వెదకుకొనరాదు. బురద మోకాలివరకు దిగబడును. వేళ్ళను పట్టియున్న ఆలిచిప్పలు కత్తులవలె కోయును. పలకను పట్టుకొని తేలి, పొట్టపై ప్రాకి ఎక్కవలయును. పలకకు మనిషికి నడుమ త్రాడు ఉండును. నిలకడ నీటిలో దానిని చీలమండకు కట్టుదురు. కాని వడిగల నీటిలో ఆ త్రాడు మోడునకో, వలగుంజకో చిక్కుకొనినచో, వంగి విప్పుకొనుటకు నీటివడి వీలు కలిగింపదు. కావున ఏటిలో పోవువారు ఒక్క లాగుతో ఊడిపోవు నడుముకట్టును వాడవలయును. ఈదుట వచ్చినను రాకున్నను తేలు చొక్కా తొడుగుకొనవలయును. అది పలకపై పెట్టుకొనుటకు కాదు, ఒంటిపై బిగించుకొనుటకు.

ఇట్టి విహారమునకు మార్గశిరము మొదలు మాఘము వరకు ఉదయవేళలు అనుకూలములు. ప్రొద్దు పైకి వచ్చిన కొలది నేల వేడెక్కి, సముద్రపు గాలి లోనికి వీచును. తెల్లవారి అద్దమువలె ఉన్న పాయ మధ్యాహ్నమునకు ముడుతలు పడును. చలికాలపు ఉదయమున మడ అడవి పాయలో నెమ్మదిగా పోయినవానికి, మరపడవలో పోయినవానికి కనబడనివి కనబడును. చప్పుడు లేదు, కన్ను నీటికన్న నిలువెత్తు పైన ఉన్నది. నల్లమడ చుట్టును బురదలోనుండి వేలాది ఊపిరివేళ్ళు నిక్కియుండును. బురదలో గాలి లేదు కనుక చెట్టు వేళ్ళను పైకి పంపి గాలి పీల్చును. ఉప్పుపొన్న కాళ్ళు చాచినట్లు వేళ్ళ నూతగొని నిలుచును. తిల్లచెట్టు కొమ్మను విరువరాదు. దాని పాలు కంటబడినచో కన్ను మండి వాచును. ఈ ఒక్క మాట చెప్పువాడు లేక బాధపడుటకన్న త్రోవ చూపువాని వెంట పోవుట మేలు గదా!

పాటు తీసిన బురదపై ఒంటి పెద్దగిట్టగల చిన్న పీతలును, రెక్కలతో ప్రాకుచు ఎగురు బురదచేపలును మెలగుచుండును. లకుముకిపిట్ట, కొంగ, గూడబాతు వేటలో ఉండును. ఈ అడవులలో బావురుపిల్లి కలదు. నీటిలో దిగి చేపను పట్టు ఆ పిల్లి రాత్రివేళ తిరుగునది. పగటి యాత్రికునకు తరచుగా దాని అడుగుజాడలే దక్కును. ఈ ప్రదేశము 1989లో కృష్ణా అభయారణ్యముగా ప్రకటింపబడినది. దాని విస్తీర్ణము ఇంచుమించు 195 చదరపు కిలోమీటర్లు. కావున అటవీశాఖ అనుమతి లేక లోపలి పాయలలోనికి పోరాదు. జాలరులు నీటికి అడ్డముగా గుంజలు పాతి వలలు కట్టుదురు. పోటు నిండినపుడు గుంజలు మునిగి కానరావు. అవి ఎచ్చట ఉన్నవో కట్టినవారికి తెలియును. వారిని అడిగిన త్రోవ చూపువానికి తెలియును.

త్రోవ చూపువాడు అనగా ఎవరు? పలకలు అద్దెకిచ్చువాడు మాత్రమే కాడు. ఆ పాయలో వల వేసి, చీకటిలో గాలి వాసన పట్టి, ఏ తిట్ట ఏ వరదకు ఎచ్చటికి జరిగినదో చూచినవాడు. ఇసుకతిట్టలు ఏటేట మారును. పటములో ఉన్నది నీటిలో ఉండదు. పైనుండి వచ్చు వరదను గూర్చి గూడ అతడు విచారించియుండవలయును. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు పోయినది. అట్టి వేళ నదికి పోటు లేదు, పాటు లేదు. ఉన్నది ఒక్క త్రోవయే, అది సముద్రమునకు. దివిసీమలో వాన పడకున్నను వరద రాగలదు. నీరు ఎర్రబారినదా, చెత్త కొట్టుకొనివచ్చుచున్నదా అని చూచువాడు ఒకడుండవలయును.

అతడు, "బాబూ, ఇవాళ గాలి బాగోలేదండి, రేపొద్దున పోదాం," అని చెప్పినపుడు విహారి ముఖము చిన్నబుచ్చుకొనును. దూరమునుండి వచ్చితిమి, సెలవు ఒక్కదినమే అని బ్రతిమాలును. ఎక్కువ సొమ్ము ఇచ్చెదనని ఆశపెట్టును. ఆపద అచ్చటనే మొదలగును. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము సమీపమున, పవిత్ర సంగమము వద్ద, అనుమతి లేని విహారపు పడవ తలక్రిందై ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు వద్ద పడవ మునిగి నలుబదిమందికి పైగా పోయిరి. వారు సాహసమునకు పోయినవారు కారు. సెలవుదినమున ఆలుబిడ్డలతో, మిత్రులతో ఏరు చూడబోయినవారు. నీటిపై 'నేడు వద్దు' అను మాటకు ఎంత విలువ కలదో ఆ రెండు దినములు చెప్పుచున్నవి.

ఈ సీమవారికి ఆ విలువ మనకన్న మిక్కిలిగా తెలియును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన మచిలీపట్టణమును ముంచి ఇంచుమించు 30,000 మందిని బలిగొనెను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ ఊళ్ళకు ఊళ్ళు తుడుచుకొనిపోయినవి; మృతులు పదివేలకు పైమాట. 1999లో ఒడిస్సా పెనుతుఫాను తరువాత జరిగిన పరిశీలనలో, మడ అడవి వెనుక ఉన్న గ్రామములలో ప్రాణనష్టము తగ్గినట్లు తేలినది. విహారి వేడుకగా చూచు ఆ చెట్లు ఊరికి గోడవంటివి. వాని కొమ్మ విరుచుట, ఊపిరివేళ్ళపై పలకను ఈడ్చుట, పాయలో ప్లాస్టిక్ పారవేయుట వినోదమున క్షమింపదగిన తప్పులు కావు.

కనుక దివిసీమలో పలక ఎక్కదలచినవారు రేవున ముందు అడుగవలసినవి కొన్ని కలవు. నేడు పోటు ఎప్పుడు నిండును? పైనుండి నీరు వదలిరా? గాలి ఏ వేళకు లేచును? ఎంతమందికి ఎందరు త్రోవ చూపుదురు? ఎవరైన అలసినచో వెంటవచ్చు పడవ కలదా? అనుమతి పత్రము చూపుదురా? తేలు చొక్కా నాకు సరిపడునదేనా? వీనికి తడబడక బదులు చెప్పువాని వెంటనే బయలుదేరవలయును. బదులు లేనిచో పలక ఎంత క్రొత్తదైనను, వెల ఎంత చౌకయైనను, ఒడ్డుననే ఉండవలయును. హంసలదీవికి పోయి సాగరసంగమమును నేలపైనుండి చూచి రావచ్చును. కాకి స్నానమాడి హంసయైనదని చెప్పు కథ వినవచ్చును. ఆ దినము వ్యర్థమైనట్లు కాదు.

మరియొక మాట. ఇట్టి విహారములు మన తీరమున పెరిగినచో వాని రాబడి ఎవరికి చెందవలయును? పలక ఏ దేశములోనైన దొరకును; సొమ్ము గలవాడు ఎవ్వడైన కొనును. ఈ పాయలో ఈ తిథినాడు ఈ వేళకు నీరు ఎటు పోవునో చెప్పు విద్య మాత్రము దివిసీమ జాలరుల ఇండ్లలోనే ఉన్నది. తండ్రి వెంట దోనెలో పోయిన కుర్రవాడు దానిని నేర్చును. వలలో చేప తగ్గి అతడు పట్టణమునకు కూలికి పోయినచో అది అతనితో పోవును. వానికి ప్రాణరక్షణలోను ప్రథమ చికిత్సలోను శిక్షణ ఇచ్చి, అధికారపు గుర్తింపు ఇచ్చి, త్రోవ చూపు పనిని అతనికే అప్పగించినచో విహారికి క్షేమము, వానికి జీవనము, అడవికి కాపు కలుగును. అట్టి రేవున మనము పలక ఎక్కుదము. అతడు తిరుగుమన్నచోట తిరుగుదము.